పద్ధతి చెప్పని జీవితాలు

రెండేళ్ళ క్రితం ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవానికి, ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీ వాళ్ళు నన్ను మాట్లాడమని పిలిచారు. నేను సాహిత్యంలో పిహెచ్.డి. చేసినదాన్ని. విజ్ఞాన దినోత్సవానికి నేనెందుకని అడిగితే, "మీరు ఆడవాళ్ళ గురించి రాస్తారు కదా మేడమ్, ఎవరైనా స్త్రీ శాస్త్రవేత్త గురించి చెప్పండి, పిల్లలకి స్ఫూర్తిగా ఉంటుంది" అన్నారు. ఉపన్యాసానికి పేరు కూడా వాళ్ళే పెట్టేశారు: "ఇంటినీ ప్రయోగశాలనూ గెలిచిన మహిళ." ఆ పేరు చూసి ఇబ్బంది పడ్డాను కానీ మార్చమని అడగలేదు. ఎందుకు అడగలేదా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అలాంటి కథ చెప్పడం నాకూ ఇష్టమేనేమో.

డెబొరా జిన్‌ని ఎంచుకున్నాను. అందుకు కారణం భౌతికశాస్త్రం కాదు, మా అక్క. అమ్మవాళ్ళింట్లో ఇనప బీరువా కింది అరలో అక్క ఎమ్మెస్సీ నోట్సులతోపాటు ఒక జిరాక్సు కాగితాల కట్ట ఉంది. 2008లో 'సైన్స్' పత్రికలో వచ్చిన వ్యాసం అది. పొటాషియం, రుబీడియం పరమాణువుల్ని జతచేసి అతిశీతల అణువుల్ని తయారుచేసిన సంగతి అందులో ఉంది. మూడో పేజీ దాకా పెన్సిలు గీతలు, అంచుల్లో చిన్న చిన్న లెక్కలు. ఆ తర్వాత గీతల్లేవు. రచయితల పేర్లలో చివరి నుంచి రెండోది డి. ఎస్. జిన్. అక్క అప్పుడు ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని. మరుసటి సంవత్సరం మానేసింది.

ఉపన్యాసం రాయడం తేలికగానే అయిపోయింది. జిన్ 1968లో కాలిఫోర్నియాలో పుట్టింది, ఫ్లోరిడాలో పెరిగింది. 1990లో ప్రిన్స్‌టన్‌లో డిగ్రీ, 1995లో షికాగో విశ్వవిద్యాలయంలో డాక్టరేట్. 1997 నుంచి కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లోని జిలా అనే సంస్థలో సొంత పరిశోధక బృందం. 2003లో మెకార్థర్ ఫెలోషిప్, 2005లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ సభ్యత్వం, 2013లో స్త్రీ శాస్త్రవేత్తలకిచ్చే లోరియాల్-యునెస్కో బహుమతి. భర్త, ఒక కూతురు. 2016 సెప్టెంబర్ 15న, నలభై ఏడేళ్ళ వయసులో, కాన్సర్‌తో మరణం. నోబెల్ వస్తుందని ఆ రంగంలో చాలామంది ఎదురుచూశారు. చనిపోయినవాళ్ళకి నోబెల్ ఇవ్వరు కనక ఇక రాదు. ఈ చివరి మాట దగ్గర పిల్లల కళ్ళు చెమ్మగిల్లుతాయని కూడా ఊహించుకున్నాను. "ఇల్లూ ల్యాబూ రెండు చేతులా మోసింది" అని ఒక వాక్యం రాసి, బాగుందనుకుని రెండుసార్లు చదువుకున్నాను.

ఆ ఆదివారం అక్క ఇంటికి వెళ్ళి చదివి వినిపించాను. అక్క ఇంటర్ పిల్లలకి భౌతికశాస్త్రం చెప్తుంది. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూనే విన్నది. అయిపోయాక కళ్ళజోడు తీసి, "ఏమే, ఇందులో ఆవిడ చేసిన పని ఎక్కడుంది?" అంది.

"అతిశీతల అణువుల మీద పరిశోధన చేసిందని రాశానుగా."

"అది పని పేరు. పని కాదు."

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఎందుకంటే సాహిత్యంలో మేం దశాబ్దాలుగా మొత్తుకుంటున్నది ఇదే. రచయిత్రి గురించి రాయమంటే ఆమె చీర గురించి, చిరునవ్వు గురించి, భర్త ప్రోత్సాహం గురించి రాసి, ఆమె రాసిన వాక్యం దగ్గరికి మాత్రం రారని విమర్శకుల మీద విరుచుకుపడ్డాం. నేను డెబొరా జిన్‌కి చేసింది కూడా సరిగ్గా అదే. బహుమతుల జాబితా, కాన్పు, చావు. మధ్యలో ఇరవయ్యేళ్ళు ఆమె చేతులు ఏం చేశాయో లేదు.

ఆ సాయంత్రం అక్క పేపర్లు పక్కన పెట్టి నాకు పాఠం చెప్పింది. నాకర్థమైనంతవరకు ఇక్కడ రాస్తాను, ఎందుకంటే అది లేకుండా నేనడగదలచుకున్న ప్రశ్న అడగలేను.

ప్రకృతిలో కణాలు రెండు రకాలు. మన సత్యేంద్రనాథ్ బోస్ పేరు మీద బోసాన్లు అని పిలిచేవి ఒకే స్థితిలో ఎన్నైనా చేరగలవు. ఫెర్మియాన్లు అలా చేరవు, ఒక స్థితిలో ఒక్కటే ఉంటుంది. 1995లో జిలాలోనే ఎరిక్ కార్నెల్, కార్ల్ వైమన్ రుబీడియం పరమాణువుల్ని పరమశూన్యానికి, అంటే మైనస్ 273 డిగ్రీలకి, దాదాపు దగ్గర దాకా చల్లబరిచి, అవన్నీ ఒకే స్థితిలోకి చేరేలా చేశారు. అవి బోసాన్లు. ఆ పనికి 2001లో వాళ్ళకి నోబెల్ వచ్చింది. సరిగ్గా ఆ 1995లోనే జిన్ వాళ్ళ దగ్గరికి పరిశోధన కొనసాగించడానికి వచ్చింది. అంతకుముందు ఆమె డాక్టరేట్ చేసింది అతివాహకాల మీద, అంటే సూపర్ కండక్టర్ల మీద. "మాలాగే మొదలుపెట్టింది" అంది అక్క. అక్క పనిచేసిందీ వాటి మీదే.

సొంత బృందం వచ్చాక జిన్ కష్టమైన రెండో రకాన్ని, ఫెర్మియాన్లని, ఎంచుకుంది. పరమాణువుల్ని అంతగా చల్లబరచడానికి చివర్లో వాడే ఉపాయం మన వంటింట్లోదే. గుంపులో అన్నిటికన్నా వేడివాటిని ఆవిరిలా బయటికి పోనిస్తే, మిగిలినవి ఒకదానితో ఒకటి ఢీకొని సర్దుకుని, కప్పులో కాఫీ చల్లారినట్టు చల్లారతాయి. కానీ అచ్చంగా ఒకేలాంటి ఫెర్మియాన్లు ఆ చల్లదనంలో ఒకదానితో ఒకటి ఢీకొనవు. ఢీకొనకపోతే సర్దుకోవు, సర్దుకోకపోతే చల్లారవు. జిన్, ఆమె విద్యార్థి బ్రయన్ డిమార్కో కలిసి పరమాణువుల్ని రెండు వేరువేరు అయస్కాంత స్థితుల్లో ఉంచారు. అప్పుడు ఒక స్థితిలోవి రెండో స్థితిలోవాటిని ఢీకొన్నాయి. వాళ్ళు వాడిన పొటాషియం-40 సహజ పొటాషియంలో ప్రతి పదివేల పరమాణువులకి సుమారు ఒక్కటే ఉంటుంది. దాన్ని ఎక్కువ పాళ్ళలో ఇచ్చే మూలాన్ని కూడా వాళ్ళే తయారుచేసుకున్నారు. 1999లో, ఒక డిగ్రీలో పది లక్షల వంతు కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో, మొదటిసారిగా ఫెర్మియాన్ పరమాణువుల వాయువు తన క్వాంటమ్ స్వభావాన్ని బయటపెట్టింది. ఆ వ్యాసం మీద రెండే పేర్లు.

ఇక్కడ నాకు ఆవేశం ఆగలేదు. "అక్కా, ఒక స్థితిలో ఒక్కటే! సంస్థల్లో ఆడవాళ్ళకి ఒక్క కుర్చీ ఉన్నట్టు. పైగా వేడిగా ఉన్నవాళ్ళని బయటికి పంపేసి మిగతావాళ్ళు చల్లగా..."

"మళ్ళీ మొదలెట్టావా?" అంది. "వాటికి ఎవరూ కుర్చీలు వెయ్యలేదు. ఆవిడ పదేళ్ళు కష్టపడింది నీకు పోలికలు అందించడానికి కాదు. నన్ను కూడా అందులో కలిపి ఉపమానం చెయ్యకు."

చేయబోతున్నానని తనకెలా తెలిసిందో! నోరు మూసుకుని విన్నాను.

2003 చివర్లో, విద్యార్థిని సిండీ రీగల్, పరిశోధకుడు మార్కస్ గ్రైనర్‌లతో కలిసి జిన్ అయస్కాంత క్షేత్రాన్ని సవరిస్తూ ఫెర్మియాన్ పరమాణువుల్ని జతలు కట్టించింది. ఆ జతలన్నీ ఒకే స్థితిలోకి చేరాయి. 2004 జనవరిలో అచ్చయిన ఆ ఫలితాన్నే ఫెర్మియానిక్ కండెన్సేట్ అంటారు. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జతకట్టడానికి ఇది దగ్గరి చుట్టం. ఆ తర్వాత అణువులు. అణువు పరమాణువులా సాధువు కాదు, గిరగిరా తిరుగుతుంది, కంపిస్తుంది. పరమాణువుల్ని లేజర్లతో చల్లబరిచినట్టు దాన్ని చల్లబరచడం చాలా కష్టం. అందుకని జిన్, లేజర్ కొలతల్లో ఆరితేరిన ఆమె సహోద్యోగి జున్ యే దారి తిప్పారు. ముందే చల్లబరిచిన రెండు పరమాణువుల్ని తెచ్చి వదులుగా జతచేసి, రెండు లేజర్లతో ఆ జతని వేడెక్కనివ్వకుండా అట్టడుగు శక్తిస్థాయికి దించారు. ఇది 2008 వ్యాసం, బీరువాలో ఉన్నది. దాని మీద పదిమంది పేర్లు. మొదటి పేరు విద్యార్థిని కాంగ్-కుయెన్ ని. చివరి రెండూ జిన్, యే.

2010లో ఆ అణువులు ఒకదానితో ఒకటి రసాయన చర్య జరపడాన్ని చూశారు. చూశారంటే, వాయువులోంచి అణువులు ఎంత వేగంగా మాయమవుతున్నాయో కొలిచారు. అన్నీ ఒకే స్థితిలో ఉన్నప్పుడు చర్య నెమ్మదిగా సాగింది. వేరు స్థితుల్లోవి కలిసినప్పుడు పది నుంచి వంద రెట్లు వేగం పెరిగింది. లేకుండా పోయినవాటి లెక్క కట్టి, జరిగినదేమిటో చెప్పగలగడం నన్ను చాలాసేపు వదల్లేదు. కానీ ఈసారి పోలిక చెప్పలేదు.

ఉపన్యాసం తిరగరాశాను. పని చేర్చాను. వారం తర్వాత మళ్ళీ వినిపిస్తే అక్క ఈసారి వేరే చోట ఆపింది. "ఇల్లూ ల్యాబూ రెండు చేతులా మోసింది" దగ్గర.

"ఫలితం చెప్పావు, పద్ధతి చెప్పలేదు" అంది. "మా వ్యాసాల్లో పద్ధతి రాయకుండా ఫలితం రాస్తే ఎవరూ అచ్చెయ్యరు. ఏ పరికరం, ఎంత పీడనం, ఎన్నిసార్లు, ఎవరి సాయంతో. అది చెప్తేనే ఇంకొకరు అదే చేసి చూడగలరు. ఆవిడ మోసింది సరే, ఎలా మోసింది? ఎవరు ఎత్తిపెట్టారు?"

మన ఇళ్ళలో 'పద్ధతి' అన్న మాటకున్న అర్థం వేరు. పద్ధతైన పిల్ల అంటే వేళకి ఇంటికొచ్చే పిల్ల, తల వంచుకు నడిచే పిల్ల. ఎలా ఉండాలో చెప్పే మాట అది. ల్యాబ్‌లో అదే మాటకి ఎలా చేశావో దాచకుండా చెప్పమని అర్థం. మా అక్క ఈ రెండు పద్ధతుల మధ్యా నలిగింది. తన ప్రయోగానికి ద్రవ హీలియం కావాలి. అది ఎప్పుడో ఒకసారి వచ్చేది. వచ్చిన రోజు రాత్రంతా కొలతలు తీయాలి, తెల్లారేసరికి ఆవిరైపోతుంది. హాస్టల్ గేటు రాత్రి తొమ్మిదికి మూసేవాళ్ళు. పెళ్ళయ్యాక అత్తగారింటి గేటు ఇంకా ముందే మూసుకునేది. ఏడో నెలలో ల్యాబ్‌కి వెళ్ళడం మానేసింది. "ఒక ఏడాది ఆగి రామ్మా" అన్నారు గైడు, మంచిగానే. ఆ ఏడాది ఫెలోషిప్ ఆగింది. తర్వాత ఎవరూ పిలవలేదు, తనూ వెళ్ళలేదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, ఏళ్ళ క్రితం ఒకసారి, "ఆ డెబొరా జిన్‌కి కూడా పాప ఉందిగా అక్కా, చేస్తోందిగా" అన్నాను తనతో. ధైర్యం చెప్తున్నాననుకున్నాను. అక్క ఏమీ అనలేదు. ఇన్నాళ్ళ తర్వాత జవాబు చెప్పింది.

"వాళ్ళమ్మ ఫిజిక్స్ చదివి ఇంజనీరుగా పనిచేసింది. వాళ్ళ నాన్న ఫిజిక్స్ ప్రొఫెసర్. ముప్పై నిండకముందే ప్రభుత్వ సంస్థలో పర్మనెంటు ఉద్యోగం, సొంత ల్యాబ్. భర్త అదే సంస్థలో సిద్ధాంతం చేసే ఫిజిసిస్టు. ఆ 2010 వ్యాసం రచయితల్లో ఆయన కూడా ఉన్నాడు. అంటే ఇంట్లో అన్నం తింటూ కూడా పని గురించి మాట్లాడుకోగలరు. ఇవన్నీ ఉన్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళెవరూ ఆ పని చెయ్యలేదు. అందుకని ఆవిడ గొప్పతనం ఏం తగ్గదు. కానీ ఇవి చెప్పకుండా ఆవిడని నాకు చూపిస్తే, నేను చేతకానిదాన్నని చెప్పినట్టే కదా."

ఒకరి జీవితాన్ని మరొకరి ముందు ఆదర్శంగా నిలబెట్టే హక్కు మనకెక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న స్త్రీవాదులం ముందే వేసుకోవాల్సింది. ఎందుకంటే ఆదర్శాల బరువు ఎలాంటిదో మనకే బాగా తెలుసు. సుమతి, అనసూయ, సావిత్రి. సావిత్రి యముడి వెంట ఎంత దూరం నడిచిందో, ఎంత తెలివిగా మాట్లాడిందో చెప్తారు. ఆ రాత్రి ఆశ్రమంలో కళ్ళు కనబడని మామకి అన్నం ఎవరు పెట్టారో చెప్పరు. పద్ధతి చెప్పని కథ అది, ఫలితం మాత్రమే ఉంది: మొగుడు బతికాడు. అందుకే అది ప్రతి ఆడపిల్ల నెత్తినా పెట్టడానికి పనికొచ్చింది. పితృస్వామ్యం పతివ్రతల్ని చూపించి ఇంట్లో కూచోబెట్టింది. మనం శాస్త్రవేత్తల్ని చూపించి బయటికి రమ్మంటున్నాం. ఉద్దేశాలు వేరే, నేను కాదనను. కానీ ఎలా చేశారో చెప్పకుండా చేశారని మాత్రమే చెప్పినప్పుడు, వినేవాళ్ళలో మిగిలేది రెండుచోట్లా ఒకటే: నా వల్ల కాలేదన్న సిగ్గు.

దీనికి విరుగుడు కూడా మన దగ్గరే ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని వీరవనితలుగా బొమ్మ కట్టలేదు, వాళ్ళనే మాట్లాడనిచ్చింది. అడవిలో ఎలా తిన్నారో, ఎలా దాక్కున్నారో, పసిబిడ్డల్ని ఎలా వదులుకోవాల్సి వచ్చిందో, పోరాటం అయిపోయాక ఇళ్ళకి వెళ్ళిపొమ్మంటే ఎలా అనిపించిందో చెప్పారు. దాన్ని పరిశోధన పద్ధతిగా నేను ఎమ్.ఏ.లో చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. ఒక ఉపన్యాసం రాయాల్సి వచ్చేసరికి గాలికొదిలేశాను.

అయితే దీనికో ఎదురు వాదన ఉంది. అది బలమైనదే. ఆడపిల్లలకి ఆదర్శాలు కావాలి. 2016లో జిన్ చనిపోయేనాటికి భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న స్త్రీలు ఇద్దరే, 1903లో ఒకరు, 1963లో ఒకరు. ఆ తర్వాత 2018, 2020, 2023లలో ఒక్కొక్కరు వచ్చారు. ఇంత తక్కువమంది కనబడే చోట ఒక్క ముఖం కనబడినా అదెంతో ఆసరా. ఆ ముఖం పక్కన షరతుల పట్టీ వేలాడదీస్తే పిల్లలు నీరుగారిపోరా? అమ్మ ఇంజనీరు కాదు, నాన్న ప్రొఫెసరు కాదు, ఇక మనకెందుకు అనుకోరా?

నేను కూడా అలాగే అనుకున్నాను. కానీ పద్ధతి రాయడంలో ఒక మేలుంది. రాసినవాటిలో ఏవి అదృష్టమో, ఏవి ఏర్పాట్లో విడివిడిగా కనిపిస్తాయి. తల్లిదండ్రుల్ని ఎవరూ మార్చుకోలేరు. గేటు ఎన్నింటికి మూయాలో మార్చవచ్చు. కాన్పు అయిన ఏడాది ఫెలోషిప్ ఏం కావాలో మార్చవచ్చు. మార్చారు కూడా: పరిశోధక విద్యార్థినులకి 240 రోజుల దాకా ప్రసూతి సెలవు, గడువులో రెండేళ్ళ సడలింపు ఇవ్వవచ్చని యు.జి.సి. 2016 నిబంధనల్లో చేర్చింది. అక్క మానేసిన ఏడేళ్ళకి. ఆ నిబంధన ఎవరో ఒక గొప్ప స్త్రీని చూసి స్ఫూర్తి పొందడం వల్ల రాలేదు. మానేసినవాళ్ళు ఎందుకు మానేశారని ఎవరో ఒకరు అడిగి, లెక్క కట్టడం వల్ల వచ్చివుండాలి. ఆదర్శం "నువ్వెందుకు చెయ్యవు?" అని పిల్లని అడుగుతుంది. పద్ధతి "మీరెందుకు ఏర్పాటు చెయ్యరు?" అని సంస్థని అడుగుతుంది.

ఇక్కడ దాకా వచ్చాక నా సంగతి చెప్పకుండా తప్పించుకోలేను. నేను పిహెచ్.డి. పూర్తిచేశాను, పసిబిడ్డతో. మా బంధువుల్లో నేనే ఆదర్శం. "చూడు, అది చంటిపిల్లాడితో కూడా చదువు పూర్తిచేసింది" అని నన్ను చూపిస్తారు. అక్క ఎదురుగా కూడా.

నా పద్ధతి ఇది. 2016 జులైలో నా గడువు దగ్గరపడింది. బాబుకి ఏడాది నిండలేదు. అక్క తన కాలేజీలో మధ్యాహ్నం క్లాసులు వదులుకుంది. జీతం సగమైంది. రోజూ ఒంటిగంటకి మా ఇంటికొచ్చి రాత్రి ఎనిమిది దాకా బాబుని చూసుకునేది. తన కొడుకు స్కూలు నుంచి నేరుగా మా ఇంటికే వచ్చి హాల్లో హోంవర్కు చేసుకునేవాడు. నేను లోపలి గదిలో తలుపేసుకుని స్త్రీల అదృశ్య శ్రమ గురించి నాలుగో అధ్యాయం రాసేదాన్ని. నవ్వుకోండి, నేనూ ఇప్పుడు నవ్వుకుంటున్నాను.

ఆ సెప్టెంబర్లో ఒక సాయంత్రం అక్క తలుపు తోసి, చంకలో బాబుతో నిలబడి, "డెబొరా జిన్ పోయిందటే" అంది. "ఎవరు?" అన్నాను, టైపు చెయ్యడం ఆపకుండా. అక్క ఒక నిమిషం నిలబడి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఆ పేరు నాకు తెలియక కాదు. వినలేదంతే.

సిద్ధాంత గ్రంథం మొదట్లో కృతజ్ఞతల పేజీలో అక్క గురించి ఒక వాక్యం రాశాను: "ఎంతో సహనంతో నాకు తోడు నిలిచిన అక్కకి." పొటాషియం-రుబీడియం వ్యాసం మీద పదిమంది పేర్లున్నాయి, లెక్కలు చేసినవాళ్ళతో సహా. నా గ్రంథం మీద ఒక్క పేరుంది. మా శాస్త్రంలో అదే ఆచారం అనొచ్చు. కానీ 'సహనం' అని రాయడం ఆచారం కాదు, అది నా ఎంపిక. అక్క ఇచ్చింది సహనం కాదు. రోజుకి ఏడు గంటలు, సగం జీతం. దాన్ని గుణంగా మార్చేశాను. గుణమైతే తీర్చాల్సిన పని లేదు.

ఉపన్యాసం రోజు పేరు మార్చమని అడగకుండానే మార్చి మాట్లాడాను. మొదట పని చెప్పాను. బోర్డు మీద రెండు రకాల చుక్కలు గీసి, ఒకేలాంటివి ఎందుకు ఢీకొనవో అక్క చెప్పినట్టే చెప్పాను. తర్వాత ఆ పని ఏ ఏర్పాట్ల మధ్య జరిగిందో చెప్పాను. నోబెల్ రాలేదన్న ఏడుపు తీసేశాను. దాని బదులు ఆమె పోయాక జరిగింది చెప్పాను. 2019లో జున్ యే బృందం అదే పొటాషియం-రుబీడియం అణువులతో, 1999లో పరమాణువులతో సాధించిన స్థితిని సాధించింది. అదే సంవత్సరం కాంగ్-కుయెన్ ని, అప్పటికి హార్వర్డ్‌లో సొంత ల్యాబ్‌లో, ఆ రసాయన చర్యలో పుట్టే కొత్త అణువుల్ని నేరుగా పట్టుకుంది. 2010లో మాయమైనవాటి లెక్కగా మాత్రమే తెలిసింది 2019లో కంటికి ఆనింది. అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఆ రంగంలో ఉత్తమ డాక్టరేట్ పరిశోధనకిచ్చే అవార్డుకి ఇప్పుడు డెబొరా జిన్ పేరుంది. అది పెద్దవాళ్ళకిచ్చే బహుమతి కాదు, విద్యార్థులకి. పద్ధతి వివరంగా రాసిపెట్టిన మనిషి పోయినా పని ఆగదని నాకప్పుడు తట్టింది.

చివర్లో మూడో వరసలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, మరి ఇవేవీ లేని మేమేం చెయ్యాలి?" అనడిగింది. నా దగ్గర మంచి జవాబు లేదు. "మీకేవి లేవో పట్టీ రాయండి. పక్కన ఎవరివల్ల లేవో రాయండి" అన్నాను. కొంతమంది నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు, నోట్‌బుక్ తీసింది. హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారని అడిగాను. ఏడున్నరకట. ముందు వరసలో కూచున్న ప్రిన్సిపాల్ గారు వాచీ చూసుకున్నారు. ఆ కాలేజీ వాళ్ళు నన్ను మళ్ళీ పిలవలేదు.

పోయినేడు నా సిద్ధాంత గ్రంథం పుస్తకంగా వచ్చే అవకాశం కలిగింది. కృతజ్ఞతల పేజీ మళ్ళీ రాశాను. 2016 జులై నుంచి ఆరు నెలలపాటు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి ఎనిమిది దాకా నా కొడుకుని అక్క పెంచిందని, దానికోసం తన సగం జీతం వదులుకుందని, ఈ పుస్తకంలో నాలుగు, ఐదు అధ్యాయాలు ఆ గంటల్లో రాసినవని రాశాను. సహనం అన్న మాట తీసేశాను. ప్రూఫు కాగితం అక్కకి చూపించాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయేమోనని, సాహిత్యం మనిషిని కదా, కొంచెం ఎదురుచూశాను.

అక్క పెన్సిల్ తీసుకుని, "ఆరు కాదు, ఏడు నెలలు. జనవరి కూడా ఉంది. సరిచెయ్యి" అంది.

సరిచేశాను.